గోరంత తొడుగు

ఆదివారం పొద్దున్నే ఆబిడ్స్‌కు వెళ్ళడం నాకు చాలా ఏళ్ళుగా ఉన్న అలవాటు. తెలుగు పాఠాలు చెప్పుకుని బతికేవాడికి అంతకన్నా పుణ్యక్షేత్రం హైదరాబాదులో మరొకటి లేదు. వారమంతా బట్టల కొట్లతో, చెప్పుల కొట్లతో కళకళలాడే ఆ వీధిలో ఆదివారం నాడు చాలా షట్టర్లు దిగి ఉంటాయి. వాటి ముందు పేవ్‌మెంట్ల మీద పాత పుస్తకాలవాళ్ళు కుప్పలు పోసుకుని కూర్చుంటారు. ఆ కుప్పల్లో ఒక్కొక్కప్పుడు అట్ట ఊడిన నిఘంటువు దొరుకుతుంది. ఒక్కొక్కప్పుడు ఎవరో ఎవరికో పెళ్ళికానుకగా ఇచ్చుకున్న కావ్యం దొరుకుతుంది. బేరం కుదిరిందా, ఆ వారమంతా నా అంత అదృష్టవంతుడు లేడు.

ఈ మధ్య ఒక ఆదివారం అలాగే మంచి నిఘంటువు ఒకటి చవగ్గా దొరికింది. ఆ ఉత్సాహంలో, పక్కనే గుడ్డ పరిచి ప్లగ్గులూ వైర్లూ అమ్ముతున్న కుర్రవాడి దగ్గర మూడు పిన్నుల ప్లగ్గు ఒకటి కూడా కొన్నాను. మా టేబుల్ ఫాను ప్లగ్గు పగిలి అప్పటికి పది రోజులైంది. కుర్రవాడు చెప్పిన ధరను సగానికి దించి, రెండు యుద్ధాలు గెలిచినవాడిలా నాంపల్లిలోని మా ఇంటికి నడిచి వచ్చాను.

పాత పుస్తకం చవగ్గా కొంటే వచ్చే నష్టం లేదు. పురుగు తిన్న పుట మనిషిని కరవదు. చవక ప్లగ్గు కరుస్తుంది. ఆ సంగతి వారం తిరగకముందే నాకు తెలిసివచ్చింది.

మా అమ్మాయికి ఏడేళ్ళు. రెండో తరగతి. ఆ సాయంత్రం బొమ్మల పెళ్ళి పెట్టుకున్నది. పెళ్ళివారికి గాలి ఆడటం లేదని ఫానును ఆ మూలకు మార్చాలనుకున్నది. మంచమెక్కి, కిటికీ పక్కనున్న సాకెట్టులోంచి ప్లగ్గును లాగింది. బిగుసుకున్న ప్లగ్గు ఒక్క లాగుకు రాలేదు. సగం వచ్చి ఆగింది. రెండోసారి పట్టు దొరకడానికని చూపుడు వేలును ప్లగ్గుకూ సాకెట్టుకూ మధ్య ఏర్పడిన సందులోకి పోనిచ్చి మళ్ళీ లాగింది. కెవ్వున అరిచింది.

వంటింట్లోంచి మా ఆవిడా, నిఘంటువులోంచి నేనూ ఒక్కసారే పరిగెత్తాము. ప్లగ్గు ఊడి కింద పడి ఉన్నది. పిల్ల వేలు పట్టుకుని, "నాన్నా, తేలు కుట్టింది" అని ఏడుస్తున్నది. వేలి కొనకు దగ్గర ఎర్రగా కమిలిన రెండు మచ్చలు. అదృష్టం బాగుండి పిల్ల చెక్కమంచం మీద, పరుపు మీద నిలబడి ఉన్నది. అప్పుడే కడిగిన గచ్చు మీద తడికాళ్ళతో నిలబడి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ నా చేతులు చల్లబడతాయి.

ఆ క్షణాన నేను చేసిన మొదటి పని చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నది. పిల్లను కోప్పడ్డాను. "స్విచ్చి ఆపకుండా ప్లగ్గు లాగవద్దని ఎన్నిసార్లు చెప్పాను నీకు?" అన్నాను.

"దాన్ని తిట్టడం తరవాత చూద్దురుగాని, ముందు ఆ స్విచ్చి ఆపండి" అన్నది మా ఆవిడ. పిల్లను డాక్టరుకు చూపించి, వేలికి మందు రాయించి, పడుకోబెట్టిన తరవాత ఆ ప్లగ్గును చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. చూసి, నెమ్మదిగానే అడిగింది: "ఏమండీ, ఏడేళ్ళ పిల్ల ఎన్నడూ ఏమరుపాటు పడకూడదన్న షరతు మీద పనిచేసే వస్తువును ఇంట్లోకి ఎందుకు తెచ్చారు?"

జవాబు లేకపోయింది. ఆ జవాబు కోసం నేను తిరిగిన తిరుగుడే ఈ వ్యాసం.

టీలో ముంచిన బిస్కట్టు

మా బావమరిది ఒక పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ పాఠాలు చెబుతాడు. మర్నాడు సాయంత్రం అతన్ని రప్పించాను. ప్లగ్గును జేబులో వేసుకుని ఇద్దరమూ స్టేషను రోడ్డు మీదికి వచ్చాము. నాంపల్లి స్టేషను దగ్గర ఒక ఇరానీ హోటల్లో కూర్చుని, రెండు చాయలూ ఉస్మానియా బిస్కట్లూ తెప్పించాడు. బిస్కట్టును సగం దాకా చాయలో ముంచి పట్టుకుని, "బావగారూ, ఈ సగం తడి, నేను పట్టుకున్న సగం పొడి. అవునా?" అన్నాడు.

"అవును."

"ప్లగ్గు పిన్ను అలా కాదు. అది నిలువునా ఇత్తడి. ఒక కొసను కరెంటులో ముంచితే రెండో కొస దాకా తడే. మన వేళ్ళు ఉండేది ఆ రెండో కొస దగ్గర."

ఇంతకన్నా స్పష్టంగా ఏ పాఠ్యపుస్తకమూ చెప్పలేదనుకుంటాను. ప్లగ్గు పూర్తిగా బయట ఉన్నప్పుడు ప్రమాదం లేదు. దానిలో కరెంటు ఉండదు. పూర్తిగా లోపల ఉన్నప్పుడూ ప్రమాదం లేదు. పిన్నులు కనబడవు. ప్రమాదమంతా సగం లోపల, సగం బయట ఉన్న ఆ అరక్షణంలో ఉన్నది. లోపలి కొస సాకెట్టులోని రేకును తాకుతూనే ఉంటుంది, బయటి భాగం వేలికి అందుతూ ఉంటుంది.

లెక్క చూడండి. మన ఇళ్ళలో ఫానుకూ, టీవీకీ వాడే చిన్న త్రీపిన్ ప్లగ్గులో రెండు సన్న పిన్నుల పొడవు ఇంచుమించు 15 మిల్లీమీటర్లు. సాకెట్టు లోపలి రేకు ఎనిమిది మిల్లీమీటర్ల లోతున ఉన్నదనుకోండి. ప్లగ్గును ఏడు మిల్లీమీటర్లు బయటికి లాగేవరకూ కరెంటు తెగదు. ఏడు మిల్లీమీటర్ల సందు మనకు సందే కాదు. పసిపిల్ల వేలికి అది గుమ్మం.

"స్విచ్చి ఆపితే గొడవే లేదుగదా" అన్నాను, నా కోపాన్ని సమర్థించుకోవాలని.

"ఆపాలి, సందేహం లేదు. కాని స్విచ్చి ఫేజు తీగ మీద ఉండాలి. కొన్ని పాత ఇళ్ళలో మేస్త్రి తొందరలో న్యూట్రలు మీద పెట్టి పోయి ఉంటాడు. అప్పుడు స్విచ్చి ఆపినా ఫాను ఆగుతుంది గాని, సాకెట్టులో కరెంటు ఆగదు."

ఇంకొక చిక్కు కూడా చెప్పాడు. ఫేజు పిన్ను ఒక్కటే ప్రమాదం, న్యూట్రలు పిన్ను సాధువు అనుకోవడానికి వీల్లేదట. ప్లగ్గు కొంచెం వంకరగా వచ్చి ఫేజు పిన్ను ఇంకా తగులుతూ, న్యూట్రలు పిన్ను ముందుగా ఊడిందనుకోండి. ఫేజులోంచి బయలుదేరిన కరెంటు ఫాను చుట్ట గుండా వచ్చి ఆ న్యూట్రలు పిన్ను మీద కాచుకుని కూర్చుంటుంది. అందుకని కాపుదల రెండింటికీ కావాలి.

అరవై వాట్ల బల్బు కన్నా తక్కువ

కరెంటు మనిషిని ఎంత దెబ్బతీస్తుందన్నది వోల్టుల మీదకన్నా ఒంట్లోంచి పోయే ఆంపియర్ల మీద ఆధారపడుతుంది. ఆంపియరులో వెయ్యోవంతును మిల్లీఆంపియరు అంటారు. ఒక మిల్లీఆంపియరు పోతే జివ్వుమంటుంది. పది దాటితే కండరాలు బిగుసుకుపోతాయి, పట్టుకున్నది వదలాలన్నా వదలలేము. ముప్ఫై దాటి గుండె మీదుగా పోతే గుండె లయ తప్పవచ్చు. మన ఇంటి కరెంటు 230 వోల్టులు. తడిసిన ఒంటి నిరోధం వెయ్యి ఓములనుకుంటే 230 మిల్లీఆంపియర్లు పోతుంది. పాతకాలపు అరవై వాట్ల బల్బు వెలగడానికి పట్టే కరెంటుకన్నా అది తక్కువ. మనిషి ప్రాణానికి మాత్రం చాలా ఎక్కువ.

మా అమ్మాయి ఎందుకు బతికి బయటపడిందో కూడా అప్పుడే అర్థమైంది. ఆమె వేలు ఒకేసారి రెండు పిన్నులను తాకింది. కరెంటు ఒక పిన్నులోంచి వచ్చి, ఆ వేలి చర్మాన్ని కాల్చి, రెండో పిన్నులోకి పోయింది. మంచం మీద ఉన్నది గనుక ఒంట్లోంచి నేలకు దారి దొరకలేదు. నేల మీద ఉంటే దారి చేతిలోంచి, గుండె పక్కనుంచి, కాళ్ళలోకి.

ఇక్కడ కొత్త ఇళ్ళవారికి ఒక మాట. కరెంటు నేలలోకి కారితే టక్కున ఆపేసే ఆర్.సి.సి.బి. అనే పరికరం మెయిన్ బోర్డులో పెట్టించుకునే ఉంటారు. ముప్ఫై మిల్లీఆంపియర్లది మంచి కాపలాదారు. ప్రతి ఇంటా ఉండవలసిందే. కాని అది పోయిన కరెంటు తిరిగి వచ్చిందా లేదా అని మాత్రమే లెక్క చూసుకుంటుంది. వేలు ఫేజు, న్యూట్రలు పిన్నుల మధ్య చిక్కుకుంటే పోయినదంతా తిరిగి వస్తూనే ఉంటుంది. జమా ఖర్చూ సరిపోయిందని కాపలాదారు ఊరుకుంటాడు. కాబట్టి కాపుదల పిన్ను మీదనే ఉండాలి.

ఇత్తడికి ఒర

ఆ కాపుదల ఏమిటో చూపిస్తానని బావమరిది నన్ను లేవదీశాడు. స్టేషను రోడ్డు వెంట ఆబిడ్స్ జనరల్ పోస్టాఫీసు దాకా నడిచి, అక్కణ్ణుంచి కోఠీ వైపు తిరిగి ట్రూప్ బజారుకు చేరాము. హైదరాబాదులో ఇల్లు కట్టుకునేవాడు ఒక్కసారైనా ట్రూప్ బజారు తొక్కక తప్పదు. బల్బులూ, స్విచ్చిలూ, కుళాయిలూ, మేకులూ ఆ కొట్లలో లేనిది లేదు.

కొట్టాయన పెద్దమనిషి. మా ప్లగ్గును చూడగానే నవ్వాడు. "ఇది ఎక్కడ తీసుకున్నరు సార్? పిన్ను మీద బట్ట లేదు దీనికి" అని, అద్దాల బీరువాలోంచి రెండు ప్లగ్గులు తీసి బల్ల మీద పెట్టాడు. ఒకదాని పిన్నులు మా ప్లగ్గులాగే మొదలంటా పసుపుపచ్చగా మెరుస్తున్నాయి. రెండోదాని రెండు సన్న పిన్నులకు మాత్రం మొదట్లో నల్లని తొడుగు ఉన్నది. మొదటి సగం నలుపు, కొస సగం ఇత్తడి. తొడుగు పొడవు కొలిస్తే నా బొటనవేలి గోరుకన్నా ఎక్కువ లేదు.

"ఇంతేనా?" అన్నాను.

"ఇంతే. ఇప్పుడు సగం లాగి చూడండి" అన్నాడు బావమరిది. కొట్టాయన ఇచ్చిన ఖాళీ సాకెట్టులో గుచ్చి, సగం లాగాను. సందులోంచి కనబడేది నలుపే. ఇత్తడి కనబడేసరికి దాని కొస లోపలి రేకును వదిలేసి ఉంటుంది. కరెంటు ఉన్నంతసేపు ఇత్తడి కనబడదు, ఇత్తడి కనబడ్డాక కరెంటు ఉండదు.

కత్తికి ఒర పెట్టినవాడు, "పదునుగా ఉంటుంది, జాగ్రత్త" అని చెప్పి ఊరుకోలేదు గదా! మనిషి ఏమరుస్తాడని తెలిసినవాడు గనుక ఒర చేశాడు. ఈ నల్ల తొడుగు ఇత్తడికి ఒర. రెండు ప్లగ్గుల ధరకూ ఉన్న తేడా, మేము అంతకుముందే తాగిన ఒక చాయ ఖరీదుకు అటూ ఇటూగా ఉన్నది.

ముప్ఫై ఏడేళ్ళు ఆగిన ఆలోచన

ఇంత చిన్న ఉపాయం ఎవరికైనా మొదటే తట్టి ఉండాలి గదా అనిపించింది. తట్టలేదు. ప్లగ్గు చరిత్రే అందుకు సాక్షి.

కరెంటు ఇళ్ళలోకి వచ్చిన తొలిరోజుల్లో అది దీపాల కోసమే వచ్చింది. వేరే పరికరం వాడాలంటే బల్బు తీసి, ఆ హోల్డరుకే తీగ తగిలించేవారు. మా మేనత్త ఇంట్లో ఇస్త్రీపెట్టె అలా హోల్డరు నుంచి వేలాడటం నేను చిన్నప్పుడు చూశాను. అమెరికాలో హార్వే హబ్బెల్ అనే ఆయన 1904లో ఊడదీసి మళ్ళీ పెట్టుకోగలిగే ప్లగ్గుకు పేటెంటు పొందాడు. తీగల విద్య తెలియనివాడు కూడా పరికరాన్ని తగిలించుకోగలగడం దానితో సాధ్యమైంది. మేలు జరిగింది. దానితోపాటే, ఆ విద్య తెలియనివాడి వేలు కరెంటుకు దగ్గరగా వెళ్ళడం కూడా మొదలైంది.

మనం నేటికీ వాడుతున్న గుండ్రటి మూడు పిన్నుల ప్లగ్గు బ్రిటిషువారు 1934లో ప్రమాణంగా రాసుకున్న నమూనాకు సంతానం. దానిలో ఎర్తు పిన్ను మిగతా రెండింటికన్నా లావు, పొడుగు. లావు ఎందుకంటే పొరపాటున వేరే రంధ్రంలో దూరకుండా. పొడుగు ఎందుకంటే లోపలికి పోయేటప్పుడు అందరికన్నా ముందు తగిలి, బయటికి వచ్చేటప్పుడు అందరికన్నా చివర వదలడానికి. పెళ్ళివారింట్లో పెద్దదిక్కులాంటిది అది. ముందు వస్తుంది, ఆఖర్న పోతుంది.

రెండవ ప్రపంచ యుద్ధం నడుస్తూ ఉండగానే, యుద్ధానంతరం కట్టబోయే ఇళ్ళలో కరెంటు ఏర్పాట్లు ఎలా ఉండాలో ఆలోచించడానికి బ్రిటన్‌లో 1942లో ఒక సంఘాన్ని వేశారు. అందులో ఒకే ఒక స్త్రీ ఉన్నది. ఆమె పేరు కరోలిన్ హాస్లెట్. ఇంజనీరు, ఇల్లాళ్ళకు కరెంటు వాడకం నేర్పడానికి పుట్టిన మహిళా సంఘానికి డైరెక్టరు. ఇంట్లో ప్లగ్గు దగ్గర పాకేది, తడిమేది పసిపిల్లలని గుర్తుపెట్టుకుని తయారైన సిఫార్సులవి. వాటి ఫలితంగా 1947లో కొత్త ప్లగ్గు ప్రమాణం వచ్చింది. దాని సాకెట్టు రంధ్రాలకు లోపల చిన్న తలుపులు. ఎర్తు పిన్ను ముందు వెళ్ళి తోస్తే తప్ప మిగతా రెండింటి తలుపులు తెరుచుకోవు. పిల్లవాడు మేకు పెట్టి పొడిచినా లోపలికి పోదు.

విచిత్రం చూడండి. సాకెట్టుకు తలుపులు పెట్టినవారికి పిన్నుకు ఒర పెట్టాలని అప్పుడు తోచలేదు. ఆ ప్లగ్గుకు నల్ల తొడుగు తప్పనిసరి అయినది 1984లో. మధ్యలో గడిచినవి ముప్ఫై ఏడేళ్ళు. ఆస్ట్రేలియావారు 2005లో ఆ దారికి వచ్చారు. జర్మనీవారు వేరే దారి తొక్కారు. సాకెట్టునే గిన్నెలా లోతుగా చేశారు. ప్లగ్గు మొత్తం ఆ గిన్నెలోకి దిగితే తప్ప పిన్ను కరెంటును తాకదు, అప్పటికి వేలు దూరే సందు ఉండదు. యూరప్‌లో చిన్న పరికరాలకు వాడే సన్నని రెండు పిన్నుల ప్లగ్గుకు మాత్రం తొడుగులే. మీ ఇంట్లో ఫోను చార్జరు తీసి చూడండి, దాని పిన్నుల మొదట్లో ఆ నలుపో తెలుపో తొడుగు చాలావాటికి కనబడుతుంది.

1947లో బ్రిటిషువారు మన దేశాన్ని వదిలి వెళ్ళారు, అదే ఏడు తమ ఇళ్ళలో కొత్త ప్లగ్గు ప్రమాణం రాసుకున్నారు. పాత గుండ్రటి ప్లగ్గు మన ఇళ్ళలో నిలిచిపోయింది. దానిని తప్పుపట్టవలసిన పనిలేదు. ఒర తొడిగితే అదీ మంచి కత్తే.

తొడగడం అంత సులువు కాదు

"మరి మన పాత ప్లగ్గులకే మనమే టేపు చుట్టేసుకుంటే?" అని అడిగాను. తెలుగు పండితుడి ఇంజనీరింగు అంతవరకే. బావమరిదీ, కొట్టాయనా ఒక్కసారే చేతులు అడ్డం ఊపారు.

టేపు చుడితే పిన్ను లావవుతుంది. లావైన పిన్ను సాకెట్టు రేకులను వెడల్పు చేస్తుంది. వెడల్పైన రేకులు ఆ తరవాత ఏ పిన్నునూ గట్టిగా పట్టవు. వదులు పట్టు దగ్గర వేడి పుడుతుంది. వేడికి టేపు జిగురు కరిగి లోపల అంటుకుంటుంది. ఒక ప్రమాదాన్ని తప్పించబోయి మరొకదాన్ని తెచ్చిపెట్టుకున్నట్టే.

అందుకని ప్లగ్గు తయారుచేసేవాడు పిన్ను మొదట్లో ఇత్తడిని చుట్టూ కొంత చెక్కేసి, ఆ గాడిలో తొడుగును కూర్చోబెడతాడు. బయటినుంచి వేలితో రాస్తే నలుపు ఎక్కడ ఆగిందో, ఇత్తడి ఎక్కడ మొదలైందో మెట్టు తెలియకూడదు. ఇక్కడే అతనికి సంకటం. ఎక్కువ చెక్కితే పిన్ను సన్నబడి బలం తగ్గుతుంది, కరెంటు పోయే దారి ఇరుకై వేడెక్కుతుంది. తక్కువ చెక్కితే తొడుగు పలచబడి చిరుగుతుంది.

పొడవులోనూ అదే తకరారు. తొడుగు పొట్టిదైతే కరెంటు తెగకముందే ఇత్తడి బయటపడుతుంది. పొడుగుదైతే సాకెట్టులోని రేకు ఇత్తడిని కాక ప్లాస్టిక్కును పట్టుకుంటుంది, ఫాను తిరగదు. మన చిన్న పిన్ను పొడవే 15 మిల్లీమీటర్లు. ఆ కాస్త చోటును ఒరా కత్తీ పంచుకోవాలి. రేకు మరీ పైకి ఉన్న పాత సాకెట్టులో తొడుగు ప్లగ్గు సరిగా పట్టకపోవచ్చు. అప్పుడు మార్చవలసింది సాకెట్టును. తాళం, తాళంచెవి ఒకదానికొకటి ఎలా చేస్తారో, ఇవి కూడా అలాగే జతగా ఉండవలసినవి.

ఇక తొడుగు పదార్థం. మెత్తని రబ్బరు పనికిరాదు. వేల సార్లు లోపలికీ బయటికీ రాసుకున్నా అరగకూడదు, పిన్ను వేడెక్కినా కరగకూడదు, కింద పడితే చిట్లకూడదు. గట్టి ప్లాస్టిక్కు రకాలను ఇందుకు వాడతారు. పరీక్షలో ఉక్కు తీగతో ఆ తొడుగును వేల సార్లు గీకుతారు. వేలు దూరుతుందో లేదో చూడటానికి మనిషి వేలిలాగే కణుపులున్న లోహపు వేలు ఒకటి ఉంటుంది. దానిని ప్రతి సందులోనూ పెట్టి చూస్తారు. ఆ మాట వినగానే మా అమ్మాయి వేలు గుర్తుకు వచ్చింది. ఆ లోహపు వేలు తగలవలసిన దెబ్బను నేను కొన్న ప్లగ్గు నా కూతురి వేలికి తగిలించింది.

దుమ్ము విషయంలోనూ ఈ తొడుగు పనికివస్తుంది. ఫ్రిజ్జు వెనక ఏళ్ళ తరబడి కదలని ప్లగ్గు మీద దుమ్ము పేరుకుని, దానికి తేమ తోడైతే, రెండు పిన్నుల మధ్య ఆ దుమ్ములోంచి కరెంటు మెల్లగా పాకి, బొగ్గుదారి వేసుకుని, చివరికి మంట అంటుకుంటుంది. పిన్ను మొదట్లో ఒర ఉంటే ఆ పాకుడుకు అడ్డం పడుతుంది.

ఎర్తుకు ఒర ఉండకూడదు

ఒక్క హెచ్చరిక. తొడుగు మంచిదంటున్నారని మూడు పిన్నులకూ తొడుగు ఉన్న ప్లగ్గు దొరికితే ఇంకా మంచిదనుకుని కొనవద్దు. లావుపాటి ఎర్తు పిన్నుకు తొడుగు ఉండకూడదు. పరికరం ఒంటికి కరెంటు ఎక్కితే దాన్ని భూమిలోకి పంపవలసిన దారి అది. ఆ పిన్ను మొదలంటా ఇత్తడే అయి ఉండి, సాకెట్టులో ఎక్కడ తగిలినా పట్టు దొరకాలి. దానికి ప్లాస్టిక్కు తొడిగితే కొన్ని సాకెట్లలో ఎర్తు తగలనే తగలదు. మూడింటికీ ఒర తొడిగినవాడికి చూపు మీద శ్రద్ధే గాని విద్య లేదని అర్థం. ఎర్తు పిన్ను మీద తొడుగు నకిలీ సరుకుకు ఒక గుర్తు.

కొట్టుకు వెళ్ళినప్పుడు చూడవలసినవి ఇంకో మూడు. ప్లగ్గు మీద ఐ.ఎస్.ఐ. ముద్ర ఉండాలి. మన దేశంలో ప్లగ్గులకూ సాకెట్లకూ ప్రమాణం సంఖ్య 1293. ముద్ర పైన ఆ సంఖ్య, కింద లైసెన్సు సంఖ్య ఉంటాయి. ఆ లైసెన్సు నిజమైనదో కాదో ఇప్పుడు ఫోనులోనే, బి.ఐ.ఎస్. కేర్ అనే యాప్‌లో సరిచూసుకోవచ్చు. రెండోది, పట్టుకోవడానికి వీలుగా ప్లగ్గు ఒంటికి అంచో, గాడో ఉండాలి. వేలు జారి పిన్ను వైపు పోకుండా అది ఆపుతుంది. మూడోది, సాకెట్టు కొనేటప్పుడు లోపల తలుపులున్నది అడగండి. ఏటా జనవరి 1 నుంచి నాంపల్లిలో జరిగే నుమాయిష్‌లోనూ ప్లగ్గులూ, అన్ని దేశాల పిన్నులూ పట్టే సాకెట్లూ అమ్ముతారు. 1938లో ఉస్మానియా పట్టభద్రులు మొదలుపెట్టిన పారిశ్రామిక ప్రదర్శన అది, సరదాకు వెళ్ళవలసిందే. కాని అన్ని పిన్నులూ పట్టే రంధ్రం ఏ పిన్నునూ గట్టిగా పట్టదు. సగం వేలాడే చార్జరు అంటే ఎప్పుడూ సగం బయట, సగం లోపల ఉన్న ప్లగ్గే గదా!

తొడుగు అన్ని రోగాలకూ మందు కాదు. వదులు సాకెట్టును అది బిగించదు. గీజరు ప్లగ్గు పిన్ను నల్లబడితే, తొడుగు కరిగి ముడుచుకుంటే, ఆ ప్లగ్గునూ సాకెట్టునూ రెండింటినీ మార్చాలి. ఒకటి మార్చి ఒకటి ఉంచితే పాతది కొత్తదాన్ని పాడుచేస్తుంది. ఎవరికైనా షాకు కొట్టి పట్టుకుపోతే ముందు మెయిన్ ఆపాలి. వీలు కాకపోతే పొడి కర్రతో తప్పించాలి, చేత్తో ముట్టుకోకూడదు. 108కి ఫోను చేయాలి. ఊపిరి ఆడకపోతే అంబులెన్సు వచ్చేదాకా ఛాతీ మధ్య గట్టిగా, వేగంగా నొక్కుతూ ఉండాలి.

ఆ రాత్రి ట్రూప్ బజారు నుంచి తొడుగున్న ప్లగ్గు తెచ్చి ఫానుకు బిగించాము. మా ఆవిడ దాన్ని చూసి, "గోరంత తొడుగు" అన్నది. అంతకుమించి ఏమీ అనలేదు. పిల్లను తిట్టినందుకు నేను చెప్పుకోవలసిన క్షమాపణ ఒకటి మిగిలి ఉన్నది. మర్నాడు పొద్దున చెప్పాను. "ప్లగ్గుదే తప్పు నాన్నా" అని నన్ను ఊరడించింది. ప్లగ్గుదీ కాదు, కొన్నవాడిది.

ఈ వ్యాసం చదవడం కాగానే మీ ఇంట్లో ప్లగ్గులు ఎన్ని ఉన్నాయో ఒకసారి లెక్కపెట్టండి. మా ఇంట్లో పదకొండు ఉన్నాయి. నాలుగు మార్చాను.